ఎనభై మూడు డిగ్రీల దగ్గర చప్పుడు

చప్పుడు మొదటిసారి బుధవారం పొద్దున పదిన్నరకు వచ్చింది. టక్. ఆగింది. మళ్లీ టక్ టక్. ఎవరో గోటితో రేకు డబ్బా మీద కొట్టినట్టు.

రజిత చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి వంగి చూసింది. కంప్యూటర్ కేబినెట్ బల్ల కింద గచ్చు మీద ఉంది. ఆట ఆపింది. రెండు నిమిషాల్లో చప్పుడు ఆగిపోయింది. ఆట మొదలుపెట్టింది. ఎనిమిది నిమిషాల తర్వాత మళ్లీ టక్.

రజితకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ మధ్యలో మానేసింది. కార్ల రేసు ఆటలో జిల్లాలో ఆమెను ఓడించినవాళ్లు లేరు. ఐదు వారాల్లో హైదరాబాద్‌లో పెద్ద పోటీ ఉంది. మొదటి ముగ్గురిలో ఉంటే ఒక జట్టు ఉద్యోగమిచ్చి తీసుకుంటుంది. కంప్యూటర్‌ను ఒక్కో భాగం కొంటూ ఏడాదిన్నరలో తనే బిగించుకుంది. గ్రాఫిక్స్ కార్డు చివరగా కొన్నది. దాని మీద ఫ్యాన్ ఉండదు, ‘ఊపిరి పలక’ ఉంటుంది. కొత్తగా వచ్చిన సరుకు. అరచేయంత పలకలో వెంట్రుక మందం స్ఫటికపు రేకులు వరసగా ఉంటాయి. కరెంటు అందితే అవి చేప మొప్పల్లా ఆడి గాలిని తోస్తాయి. తిరిగేది ఏదీ లేదు కనుక చప్పుడు లేదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అదే రాసి ఉంది.

చప్పుడును వెతకడానికి ఒకటే పద్ధతి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మారిస్తే దేనివల్ల పోయిందో తెలియదు. రజిత ముందు కేబినెట్ ఫ్యాన్లు ఒక్కొక్కటి పీకింది. చప్పుడు పోలేదు. పాత హార్డ్ డిస్కు తీసేసింది. పోలేదు. మరలన్నీ విప్పి కింద రబ్బరు బిళ్లలు వేసి బిగించింది. పక్కింటి కంప్యూటర్‌లోని పవర్ సప్లై అడిగి తెచ్చి తగిలించింది. పోలేదు. చివరకు గోడ మీది పాత క్యాలెండర్ చింపి గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి, ఇంకో కొస లోపలికి పెట్టి అంగుళం అంగుళం జరుపుతూ విన్నది.

తల్లి శంకరమ్మ వాకిలి నుంచి చూసి నవ్వింది. “ఏందే, డాక్టరమ్మ లెక్క గొట్టం పెట్టి ఇంటున్నవ్? నెలలు నిండినయా దానికి?”

“అవ్వా, జర ఊకో. ఇనపడుతలేదు.”

“మొగపిల్లగాడైతే మీ అన్న పేరు పెట్టకు. ఒక్కనితోనే చస్తున్న.”

గొట్టం గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఆగింది. చప్పుడు పలకలోంచే వస్తోంది. చప్పుడు చేయదని రాసి అమ్మిన వస్తువులోంచే.

రజిత కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు రాసింది. చప్పుడు రికార్డు చేసి జతచేసింది.

*

ఆ పలకను కనిపెట్టింది నిఖత్ సుల్తానా. హైదరాబాద్ శివారులో చలువ ల్యాబ్స్ అనే చిన్న సంస్థలో ఆరేళ్లుగా ఇంజినీరు. రజిత ఫిర్యాదు ఆమెకు నలభై ఒకటోది. మిగతా నలభైలో చాలామటుకు రైలుకట్టల పక్కన, రాతి క్వారీల పక్కన ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవే. ఆమె మ్యాపు మీద చుక్కలు పెట్టి చూసేదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ప్రయోగం చిన్నదే. పలకను సిమెంటు దిమ్మ మీద పెట్టింది. పక్క గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టి, నేల మీద చెంచాతో తట్టమంది. పలక డెబ్బై డిగ్రీల దగ్గర ఏమీ అనలేదు. ఎనభై దగ్గర అనలేదు. ఎనభై మూడు దాటగానే చెంచా దెబ్బకో టక్ వినిపించింది. చెంచా తీసేసి మనిషిని లేచి నడవమంది. అడుగుకో టక్. మెట్ల మీద దిగమంది. కింది అంతస్తు నుంచి కూడా టక్.

స్ఫటికానికి కరెంటు ఇస్తే కదులుతుంది. దాన్ని కదిపితే కరెంటు పుడుతుంది. ఇది పాత సంగతి. ఎనభై మూడు దాటితే రేకులు మెత్తబడి, నేలలో పుట్టే చీమంత కదలికను కూడా వేల రెట్లు పెంచి పలుకుతాయన్నది కొత్త సంగతి. చల్లబరచడానికి చేసిన వస్తువు వేడెక్కితే చెవి అయింది.

నిఖత్ పరుగున పోయి పైఅధికారికి చెప్పింది. ఆయన ఫోన్ లోంచి తల ఎత్తకుండా విన్నాడు.

“అంటే వేడెక్కితే చప్పుడు చేస్తుందంటావ్.”

“చప్పుడు కాదు సార్, వింటుంది. భూకంపాల వాళ్లకు, వంతెనల వాళ్లకు…”

“మనం అమ్మింది ఆటలాడే పిల్లలకు. వాళ్లు వాపసు పంపిస్తే మన దుకాణం మూతే. ఎనభై దాటకుండా కట్టేసే అప్‌డేట్ రాయి. సోమవారానికి పంపించు. ఆ చెవి సంగతి తర్వాత తీరిగ్గా చూద్దాం.”

నిఖత్ రాసింది. బాగా పనిచేసే అప్‌డేటే రాసింది. ఈ కథలో చెడు జరిగింది పని చేతకానివాళ్ల వల్ల కాదు.

*

సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నాగులగుట్ట బొగ్గుగని కాలనీలో రజిత ఇంకా వెతుకుతూనే ఉంది. కంప్యూటర్‌ను పరుపు మీద పెట్టి ఆడితే చప్పుడు లేదు. గచ్చు మీద పెడితే ఉంది. గంటగంటకు ఎన్ని టక్కులో నోటుబుక్కులో గీతలు గీసింది. ఆదివారం ఆరు గీతలే పడ్డాయి. మిగతా రోజుల్లో పేజీ నిండింది.

ఆదివారం సాయంత్రం ఆమె తండ్రి గాజుల ఓదెలు ఆ బుక్కు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లు భూమి లోపల బొగ్గుగనిలో కప్పుకు టింబర్ పెట్టిన మనిషి. టింబర్ అంటే కప్పు కూలకుండా కింద నిలబెట్టే దుంగ. మందుగుండు మోతకు రెండు చెవులూ పోయాయి. ఇంట్లోవాళ్ల పెదాలు చూసి మాట తెలుసుకుంటాడు.

“ఏందిది? హాజరు మస్టరా?”

“సప్పుడు లెక్క బాపూ. కంప్యూటర్‌ది.”

“ఆదివారం ఎందుకు తక్కువున్నది?”

“తెల్వది.”

ఆదివారం గని సెలవు. సోమవారం పదకొండింటికి రజిత ఆట పెట్టింది. ఓదెలు గచ్చు మీద కూర్చుని అరచేయి కేబినెట్ మీద చాపి పెట్టాడు. గనిలో కప్పును పరీక్షించే తీరు అదే. ఒక చేత్తో కర్రతో కప్పును కొట్టి, ఇంకో అరచేయి కప్పుకు ఆనించాలి. చెవి మోసపోవచ్చు, అరచేయి మోసపోదు. అలా పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత చేయి తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

“ఇది మిషన్ ఖరాబ్ కాదు బిడ్డా. కప్పు మాట్లాడుతున్నది.”

“ఏ కప్పు?”

ఓదెలు వేలితో నేలను చూపించాడు.

కాలనీ కింద వంద మీటర్ల లోతున నాలుగో ప్యానల్ ఉంది. ప్యానల్ అంటే బొగ్గు తవ్వే ఒక పెద్ద తునక. ముందు బొగ్గును స్తంభాల్లా వదిలి చుట్టూ తవ్వుతారు. చివరకు ఆ స్తంభాలనూ తీస్తారు. పైన ఇళ్లు ఉన్నాయి కనుక తీసిన ఖాళీలో పైపుల ద్వారా నీళ్లతో కలిపి ఇసుక నింపుతామని గని యాజమాన్యం కాలనీకి రాసిచ్చింది. ఆ ప్యానల్‌లో బొగ్గు ఎత్తే మిషన్ నడిపేది ఓదెలు కొడుకు సంపత్. కాంట్రాక్టు కార్మికుడు.

ఆ రోజు షిఫ్ట్ దిగి వచ్చిన సంపత్‌ను తండ్రి కాళ్లు కూడా కడుక్కోనివ్వలేదు.

“ఇసుక పడుతున్నదా?”

సంపత్ తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

“నిన్నేరా. ఇసుక?”

“రెండు నెల్లసంది పైపుల్ల ఉత్త నీళ్లే వస్తున్నయ్ బాపూ.”

“అది చెప్పనీకి నోరు లేదా నీకు?”

“చెప్పినోడు తెల్లారి గేటు బయటుంటడు. నీకున్నట్ల నాకు యూనియన్ కార్డు లేదు.”

“టింబరన్న ఉన్నదా?”

“కప్పుకు ఇనుప బోల్టులే.”

ఓదెలు నేలకేసి ఉమ్మాడు. “ఇనుము చివరిదాంక ఏడువది. ఒక్కపారి విరుగుతది. కర్ర నయం, ముందే ఏడుస్తది. మేము కర్ర ఏడ్పు ఇని ఉరికొచ్చి బతికినం.” కంప్యూటర్ వైపు చూశాడు. “ఇన్నేండ్లకు ఇది ఏడ్సుడు మొదలుపెట్టింది.”

*

ఆ సాయంత్రమే ఓదెలు, రజిత గని ఆఫీసుకు పోయారు. మేనేజర్ విద్యాసాగర్ చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. ఓదెలుకు కుర్చీ వేయించాడు. రజిత నోటుబుక్కు తిరగేశాడు. కప్పు కుంగితే చూపించే కొలబద్దలు ప్యానల్‌లో ఆరు ఉన్నాయని, ఆరూ సున్నా చూపిస్తున్నాయని చెప్పాడు.

“ఇసుక ఎయ్యకుంటే ఏ కొలబద్ద ఏం చేస్తది సార్?” అన్నది రజిత.

“ఇసుక సంగతి మీకెవరు చెప్పారమ్మా?”

అన్న పేరు బయటపెట్టకుండా రజిత నోటుబుక్కు వెనక్కి తీసుకుంది. ఆయన కూడా ఇంకోసారి అడగలేదు. “రేపు పదకొండింటికి నేనే మీ ఇంటికొస్తాను. వినిపించండి. వింటాను.”

వచ్చాడు. ఆ మాట ఒప్పుకోవాలి. కాలనీ ఆడవాళ్లు ఇరవైమంది కిటికీల దగ్గర నిలబడ్డారు. రజిత తన దగ్గరున్న ఆటల్లో అన్నిటికంటే బరువైన రేసు పెట్టింది. పది నిమిషాలు. ఇరవై. నలభై. చప్పుడు లేదు.

“బాగానే ఆడుతున్నావమ్మా,” అన్నాడు విద్యాసాగర్. శంకరమ్మ ఇచ్చిన టీ పూర్తిగా తాగి, ఓదెలు భుజం తట్టి వెళ్లిపోయాడు.

జీపు పోయిన తర్వాత కూడా ఓదెలు అరచేయి కేబినెట్ మీద నుంచి తీయలేదు. కింద ఏమీ లేదు. నిన్నటిదాకా నిమిషానికి మూడుసార్లు పలికింది ఇవాళ అసలు పలకలేదు. గనిలో పనిచేసిన ఎవర్నైనా అడగండి, ఒకటే చెబుతారు: కప్పు మాట్లాడుతున్నంతసేపు టైముంది. మాట్లాడి మాట్లాడి ఊరుకుంటే వెనక్కి చూడకుండా పరుగెత్తాలి.

“ఊకున్నది,” అన్నాడు ఓదెలు. ఆయన మొహం చూసి శంకరమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. “కప్పు ఊకున్నది! పోరడు లోపలున్నడు!”

చెప్పులు లేకుండా సైకిల్ ఎక్కాడు. గని గేటు దగ్గర ఆయన్ను ఎరగనివాడు లేడు, ఎవరూ ఆపలేదు. గని మూతి దగ్గరున్న ఫోన్‌లో లోపలి సర్దార్‌ను పిలిచాడు. సర్దార్ అంటే షిఫ్టులో మనుషుల ప్రాణాలకు జవాబుదారీ. అవతలి మాట వినిపించదు కనుక ఆగకుండా ఒకటే అరిచాడు. “పోచం, నేను ఓదెలును. కప్పు మాట్లాడి ఊకున్నది. అందర్ని పట్టుకరా. కప్పు మాట్లాడి ఊకున్నది.”

పోచం సర్దార్ ఓదెలు చేతికింద పని నేర్చినవాడు. మారు అడగలేదు. పన్నెండుమందీ బయటికొచ్చారు. సంపత్ మిషన్‌ను స్టార్టులోనే వదిలేసి పరుగెత్తాడు.

కప్పు కూలలేదు. ఆ రోజు కూలలేదు, మరునాడు కూలలేదు. పన్నెండుమందికి ఆ షిఫ్ట్ మస్టర్ పడలేదు, కూలి పోయింది. మిషన్‌ను కప్పు కింద వదిలినందుకు సంపత్‌ను కాంట్రాక్టర్ రేపటి నుంచి రావద్దన్నాడు. ఇకమీదట మిషన్‌ను వదిలి వచ్చినవాడికి ఇదే గతి అని గేటు దగ్గర కాగితం అంటించారు. ఓదెలు లోపలికి రాకూడదని ఇంకో కాగితం. నల్లా దగ్గర ఆడవాళ్లు శంకరమ్మను అడిగారు: “ఏమక్కా, మీ కంప్యూటర్ ఇయ్యాల ఏం జెప్పింది? వాన వస్తదా?”

సంపత్ జాగాలో లింగమూర్తి అనే మనిషిని పెట్టుకున్నారు. వాళ్ల కాలనీయే. మూడు గల్లీల అవతల.

*

ఇంట్లో రెండు రోజులు ఎవరూ కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. మూడో రోజు రజిత కేబినెట్ మూత మళ్లీ విప్పింది.

“ఇంకా ఏం పీకుతవే దాన్ని?” అన్నాడు సంపత్. “బయట పారెయ్.”

“సప్పుడు ఎందుకొచ్చిందో ఎతికిన. ఎందుకు పోయిందో ఎతకలే.”

ఒకసారికి ఒకటి. భాగాలన్నీ అవే. గచ్చు అదే. ఆట అదే. తెర మూలలో వేడిని చూపించే అంకె మాత్రం అది కాదు. ఇదివరకు ఎనభై ఆరు, ఎనభై ఏడు ఉండేది. ఇప్పుడు డెబ్బై తొమ్మిది దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఆమె వెనక్కి లెక్కేసుకుంది. సోమవారం సాయంత్రం తెర మీద ఒక గడి వచ్చింది. ‘మెరుగైన అనుభవం కోసం అప్‌డేట్’. సరే అన్న బొత్తాన్ని చదవకుండా నొక్కింది. అందరూ అలాగే నొక్కుతారు.

ఫిర్యాదుకు వచ్చిన జవాబు కింద ఒక పేరు, నంబరు ఉన్నాయి. ఫోన్ చేసింది.

“నిఖత్‌ని మాట్లాడుతున్నా. మీ చప్పుడు సమస్య తీరిందా అండీ?”

“తీరింది మేడమ్. మా అన్న పని పోయింది. ఆ సప్పుడు నాకు మళ్ల కావాలె.”

నిఖత్ మొదట తప్పు విన్నాననుకుంది. తర్వాత పావుగంట రజిత చెప్పిందంతా విన్నది.

“మేడమ్? ఉన్నరా?”

“ఉన్నా. నాకు నేల సంగతి తెలుసు. మ్యాపులో మీ ఊరు చుక్క పెట్టింది నేనే. రైలు ఏదో పోతుంటుంది అనుకున్నా. కింద మనుషులుంటారని అనుకోలేదు. అప్‌డేట్ తీసేసే దారి పంపిస్తా. వింటున్నావా? పలకను ఎనభై మూడు పైన ఎప్పుడూ ఉంచితే ఇరవై రోజుల్లో పగులుతుంది. కార్డు కూడా పోతుంది. వారంటీ ఉండదు. నీకు పోటీ ఉందన్నావ్ కదా?”

“ఇరవై ఆరు రోజులున్నది.”

“పోటీ దాకా చల్లగా వాడుకుంటే…”

“మేడమ్, మా అన్న బయటనే ఉన్నడు. లోపల పన్నెండుమంది ఉన్నరు.”

రజిత ఆ పూటే అప్‌డేట్ తీసేసింది. ఎనిమిది నిమిషాల తర్వాత పలక పలికింది. నిమిషానికి ఐదుసార్లు.

అప్పటినుంచి ఆట ఆటగా లేదు. మొదటి షిఫ్ట్ గనిలోకి పోయేటప్పుడు మొదలుపెట్టేది, రెండో షిఫ్ట్ బయటికి వచ్చేదాకా ఆడేది. తినేటప్పుడు సంపత్ ఆడేవాడు. తండ్రి చేయి కేబినెట్ మీద, తల్లి చేతిలో నోటుబుక్కు. గీతలు పెరుగుతున్నాయి. ఎవరికి చెప్పాలి? ఒకసారి చెప్పి నవ్వులపాలయ్యారు, ఇప్పుడు గేటులోకి కూడా రానివ్వరు. గల్లీలో ఎదురైన లింగమూర్తితో సంపత్ అన్నాడు: “అన్నా, జర పైలం. సప్పుడు ఎక్కువైంది.”

“నీ సప్పుడుకో దండం తమ్మీ. మొన్ననే పని దొరికింది. ఇది పోతే నా పెండ్లాం నన్ను ఇంట్లకు రానియ్యదు,” అని నవ్వి వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు పన్నెండున్నరకు టక్కుల మధ్య సందు లేకుండా పోయింది. శంకరమ్మ గీతలు గీయడం ఆపేసింది. గోనెసంచిలోంచి శనగలు నేల మీద పోసినట్టు మోత. ఓదెలు ఏమీ అనకుండా సంపత్ మొహంలోకి చూశాడు. సంపత్ బండి తీశాడు.

గని మూతి దగ్గర ఫోన్‌కు ఒక మనిషి కాపలా ఉంటాడు. అతని బావమరిది లోపల ఉన్నాడు. అందుకే ఆపలేదు. సంపత్ లోపలికి ఫోన్ కలిపాడు.

“పోచం మామా, సంపత్‌ను. బయటికి రాండ్రి.”

“మళ్లనా? నీ అయ్య పంపిండా? మొన్న ఒక్కపారి మీ మాట ఇనే నోటీసు తిన్న బిడ్డా. నాకు రెండేండ్ల సర్వీసున్నది.”

“నా మాట వద్దు. నువ్వే ఇను.” సంపత్ తన సెల్‌ఫోన్‌లో చెల్లెలిని పిలిచాడు. రజిత తన ఫోన్‌ను తీసుకుపోయి పలకకు ఆనించి పెట్టింది. సంపత్ సెల్‌ఫోన్‌ను గని ఫోన్ మూతికి పెట్టాడు. కాలనీ గచ్చు విన్నది రెండు ఫోన్లు దాటి, వంద మీటర్లు దిగి పోచం చెవిలో పడింది. కర్ర టింబర్ల కాలంలో పని నేర్చిన చెవి అది. ఆరు సెకన్లు విన్నాడు. ఫోన్ పెట్టలేదు, వదిలేశాడు. తాడుకు వేలాడుతున్న ఫోన్‌లోంచి సంపత్‌కు ఆయన ఈల వినిపించింది. సర్దార్ ఈల రెండుసార్లు ఊదితే అన్నీ వదిలి రావాలి.

పదకొండుమంది వచ్చారు.

లింగమూర్తి మొదట వాళ్లతోనే పరుగెత్తాడు. నలభై అడుగులు వచ్చాక ఆగి వెనక్కి చూశాడట. మిషన్ స్టార్టులో ఉంది. “దీన్ని బయటికి గుంజి వస్త, నడువుండ్రి,” అన్నాడట. పోచం చొక్కా పట్టుకుంటే చిరిగింది. గేటు దగ్గర అంటించిన కాగితాన్ని అతను రోజూ లోపలికి పోతూ చదివేవాడు.

కాలనీలో నేల ఒక్కసారి కింది నుంచి తన్నింది. ఆరు ఇళ్ల గోడలు నెర్రెలు బారాయి. రజిత పలక అదే క్షణంలో నిలువునా పగిలింది. ఇరవై రోజులు పట్టలేదు.

*

విచారణకు ఒక అధికారి వచ్చాడు. రజిత నోటుబుక్కు ఇచ్చింది.

“ఈ పరికరానికి ధ్రువీకరణ ఉందా?”

“ఏ పరికరం సార్? ఆటలాడే కంప్యూటర్ అది.”

“అదే నేనూ అంటున్నది.” బుక్కు ఆమె వైపు జరిపాడు. ముందస్తు సూచన ఏదీ లేదని రాసుకున్నాడు. ఇసుక పద్దులు సక్రమంగా ఉన్నాయని కూడా రాసుకున్నాడు.

చలువ ల్యాబ్స్ రెండో అప్‌డేట్ పంపింది. ఇది తీసేయడానికి వీల్లేనిది. నిఖత్ దాన్ని రాయనన్నది. ఇంకొకరు రాశారు. ఆమె ఉద్యోగం పోయింది. పోయేముందు వాపసు వచ్చిన నలభై కార్డులను చెత్త కింద చూపించి సంతకం పెట్టి, రెండు అట్టపెట్టెల్లో కారెక్కించింది. అది దొంగతనమే. నాలుగు గంటలు నడిపి నాగులగుట్టకు వచ్చి, శంకరమ్మ ఇంటి ముందు పెట్టెలు దించింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“ముందు ఆయన ఇల్లు చూపించండి,” అన్నది.

లింగమూర్తి భార్య భాగ్య పదకొండో రోజు కర్మ పనుల్లో ఉంది. నిఖత్ ఆమె ముందు నిలబడి, అప్‌డేట్ రాసింది తనేనని చెప్పింది. భాగ్య ఆమెను తిట్టలేదు, ఊరడించనూ లేదు. “మీ పలకలు ఇంకెన్ని ఉన్నయి?” అని మాత్రం అడిగింది.

కార్మికులు గనిలోకి దిగలేదు. యూనియన్ వాళ్లు వచ్చి పరిహారం మాట్లాడదామన్నారు. కాంట్రాక్టువాళ్లకు వాళ్లతో పని లేదు. వాళ్లు అడిగింది వేరు: కంప్యూటర్ గని మూతి దగ్గర, దీపాలిచ్చే గదిలో, బండ మీద పెట్టాలి. షిఫ్ట్ నడిచినంతసేపు వేడిగా ఉండాలి. మోత పెరిగితే ఈల ఊదుతారు, మిషన్‌ను వదిలి వచ్చినవాణ్ని ఏమీ అనకూడదు. అంతే. యాజమాన్యం ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు. నిఖత్ పెట్టెలు దించిన తొమ్మిదో రోజున బొగ్గు రాక పైనుంచి ఫోన్లు పెరిగి, దీపాల గదిలో ఒక ప్లగ్గు ఖాళీ అయింది.

ఇప్పుడు మనిషి మనిషీ లోపలికి పోయేముందు కేబినెట్ మీద అరచేయి పెట్టి పోతాడు. రజిత పోటీ తేదీ అప్పటికే దాటిపోయింది. మొదటి షిఫ్ట్ ఆమె ఆడుతుంది. పలక పగిలిన రోజున నిఖత్ ఇచ్చిన పెట్టెలోంచి ఇంకోటి తీసి బిగిస్తుంది. కొత్త అప్‌డేట్ రాకుండా దానికి ఇంటర్నెట్ మాత్రం తగిలించదు. అవి అయిపోతే ఏమిటన్నది ఎవరికీ తెలియదు. నిఖత్ ఎక్కడో కిరాయి షెడ్డులో కొత్తవి చేయడానికి తంటాలు పడుతోందని మాత్రం తెలుసు.

రెండో షిఫ్ట్ భాగ్య ఆడుతుంది. చదువు ఐదో తరగతి. కంప్యూటర్ ముట్టుకోవడం ఇదే మొదలు. ఆమె కారు మొదటి మలుపులోనే గోడెక్కుతుంది. తిప్పి మళ్లీ నడుపుతుంది, మళ్లీ గోడెక్కుతుంది.

ఒక మధ్యాహ్నం విద్యాసాగర్ దీపాల గదిలోకి వచ్చాడు. తెర వంక కాసేపు చూశాడు. కారు పల్టీలు కొడుతోంది. వెనక వరసలో రెండో షిఫ్ట్ మనుషులు చేతులు చాపి నిలబడి ఉన్నారు.

“ఏమ్మా, ఈ ఆట నీకొచ్చా?” అని అడిగాడు.

భాగ్య తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

“రాదు సార్. ఓడిపోయినా వేడెక్కుతది.”